ఐదు లక్షల నూట పదహార్లు

ఏప్రిల్ 11
భోపాలపట్నం

రికార్డు నిమిత్తం కొన్ని సంగతులు నమోదు చేస్తున్నాను.

నా తోడల్లుడు శ్రీరంగం, వనలక్ష్మి టేకు పథకం వారి స్థానిక ఏజెంటు, పరారీలో ఉన్నాడు. కిటికీ తెరిస్తే టేకు అడవి తప్ప మరేమీ కనిపించని ఈ ఊరి జనానికి, ఎక్కడో ఎవరూ చూడని టేకు మొక్కల్లో వాటాలు అమ్మిన ఘనత అతనిది. మొదట కంపెనీ డైరెక్టర్లు మాయమయ్యారు. తర్వాత ఆఫీసు బోర్డు మాయమైంది. చివరికి శ్రీరంగం మాయమయ్యాడు. పోయేముందు లారీ, ఇంటి స్థలం అమ్మి కూలీనాలీ చేసుకునేవాళ్ల సొమ్ము వాపసు ఇచ్చాడట. దీన్ని కూడా అతని గొప్పతనంగా చెప్పుకునేవాళ్లు బజార్లో ఉన్నారు.

మిగిలిన వ్యాపారులంతా కలిసి ఇవాళ బాధితుల సంఘం ఏర్పరచుకున్నారు. నియమావళి రాసిపెట్టమని నన్ను పిలిచారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఎ. చేసి కిరాణా కొట్టు నడుపుతున్నవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే. రాశాను. మూడో నిబంధన: 'పథకంలో సొమ్ము పోగొట్టుకున్నవారు మాత్రమే సభ్యత్వానికి అర్హులు.' చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగాక అధ్యక్షుడు, బట్టల దుకాణం సీతారాములు, కళ్లద్దాలు సవరించుకుని నావైపు చూశాడు.

"నీదెంత పోయింది, రామయ్య సారూ?"

పోలేదన్నాను.

"అసలు పెట్టనే లేదా?"

అడగలేదన్నాను.

"అడగలేదా? ఊరందర్ని అడిగిండు గదా! మా ఇంట్ల గిన్నెలు తోమేదాన్ని అడిగిండు. చిట్టీ ఎగ్గొట్టిన మా బామ్మర్దిని అడిగిండు. సొంత తోడల్లునివి, నిన్నడగలేదా?"

మూడో నిబంధన ప్రకారం నన్ను బయటికి పంపించారు. నిబంధన నిర్దుష్టంగా ఉంది. వంక పెట్టడానికి లేదు.

ఏప్రిల్ 12

అతడు నన్ను అడగలేదు.

ఏప్రిల్ 15

బజార్లో నా గురించి రెండు అభిప్రాయాలు చలామణీలో ఉన్నాయి. ఒకటి, శ్రీరంగంతో నాకు లోపాయకారీ వాటా ఉంది కాబట్టి నన్ను వదిలేశాడు. రెండు, మోసం చేయడానికి సరిపడా సొమ్ము నా దగ్గర లేదని అతనికి తెలుసు. మొదటిది పరువునష్టం. రెండోది అంతకంటే ఎక్కువ నష్టం. కనుక మొదటిదాన్ని నేను ఎక్కడా ఖండించడం లేదు.

నా భార్య అన్నపూర్ణ దగ్గర ప్రస్తావించాను.

"పోకపోతే సంతోషపడాలె గని, ఇదేం ఏడుపండీ?" అంది.

ఇది ఏడుపు కాదు. అసూయ అంతకన్నా కాదు. మోసపోయినవాళ్లను చూసి మోసపోనివాడు అసూయపడటానికి శాస్త్రీయమైన ఆధారం ఏదీ లేదు.

అయితే పూర్వరంగం ఒకటి ఉంది. మా వాళ్లలో ఏ పెళ్లి జరిగినా చదివింపులు చదివేది కాశయ్య. మైకు అందుకుని, ఎవరు ఎంత పెట్టారో పేరుపేరునా పందిరంతా వినిపించేలా చదువుతాడు. శ్రీరంగం ఎప్పుడూ మొదటి వరసలో, వెయ్యిన్నూట పదహార్లతో. తర్వాత కాశయ్య గొంతు కాస్త దిగుతుంది: "మరియు వారి తోడల్లుడు, నూట పదహార్లు." నాకు దశరథరామయ్య అనే పేరున్న సంగతి ఏ మైకూ ఇంతవరకు ప్రకటించలేదు.

మే 20

ఆచూకీ దొరికింది.

లారీ డ్రైవర్ వెంకన్న బుద్ధ పూర్ణిమనాడు కేశకాల్ దగ్గర టైరు పంక్చరై ఆగాడట. పక్కనే ఒక చిన్న బౌద్ధ విహారం. మైకులో ఎవరో దాతల పేర్లు చదువుతున్నారు.

"చదివేది హిందీలనే, గని ఆ సాగదీసుడు మన పెండ్లి పందిట్ల చదివింపుల లెక్కనే ఉంది," అన్నాడు వెంకన్న. "ఇదేందిరా అని తొంగి చూసిన. గుండు గీకిచ్చుకున్న మనిషి. గొంతు మాత్రం శ్రీరంగం సేటుదే. ఆ గొంతు మీద నేను గూడ రెండు టేకు మొక్కలు కొన్న గదా, మరుస్తనా?"

కాశయ్యకు ఈ కబురు నచ్చలేదు. చదివింపుల్లో తన బాణీని ఎవరో నేర్చుకుపోయారన్నది ఆయన ప్రధానమైన ఫిర్యాదు. పోయిన సొమ్ము గురించి తర్వాత మాట్లాడాడు.

సంఘం జీపు మాట్లాడింది. పరారీలో ఉన్నవాణ్ణి గుర్తుపట్టడానికి దగ్గరి బంధువు అవసరమని నేను లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఊరంతా గుర్తుపట్టగలదని సీతారాములు అన్నాడు. చివరికి 'పరిశీలకుడు' హోదాలో, ఓటు హక్కు లేకుండా, డీజిలులో నా వంతు భరించే షరతుపై అనుమతించారు.

జూన్ 8
జగదల్‌పూర్, లాడ్జి

దారిపొడవునా ప్రతి నాకా దగ్గర జవాన్లు ఎక్కడికని అడిగారు. సీతారాములు ప్రతిసారీ తీర్థయాత్రకని చెప్పాడు. సీటు కింద కొత్త కొబ్బరితాడు చుట్ట ఉంది. శ్రీరంగాన్ని కట్టి తీసుకురావడానికి కొన్నాడు. తీర్థయాత్రకు తాడెందుకని ఒక జవాను అడిగాడు. మొక్కు అన్నాడు కాశయ్య.

రేపు ఉదయం బయలుదేరతాం. నేను అతణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. దాన్ని అద్దం ముందు అభ్యాసం చేశాను.

జూన్ 9

విహారం కొండదారి ఘాటు మొదలయ్యేచోట, రోడ్డు దిగి కొంచెం లోపల ఉంది. రేకుల షెడ్డు, సున్నం కొట్టిన బుద్ధుడు, ఒక బావి. జీపు ఆగగానే నవ్వుతూ ఎదురొచ్చినవాడు శ్రీరంగమే. తెల్ల లుంగీ, తెల్ల కండువా, గుండు. ఆ గుండు అతనికి నప్పింది. అతని తల ఆకారం చాలా బాగుంటుందన్న సంగతి ఇంతకాలం జుట్టు కింద ఉండిపోయినందువల్ల నా దృష్టికి రాలేదు. నా తల విషయం ఇక్కడ అప్రస్తుతం.

సీతారాములు తాడు చుట్ట భుజాన వేసుకుని దిగాడు. మొహం ఎర్రగా ఉంది.

"అరే, సీతారాములన్నా!" అన్నాడు శ్రీరంగం. "బావికి తాడు తెచ్చిర్రా? మొన్ననే తెగిందే. నీకు ఎట్ల తెలిసిందన్నా?"

చేయి చాచి తాడు తీసుకున్నాడు. సీతారాములు ఖాళీ అయిన భుజం తడుముకున్నాడు.

"కొత్తదే," అన్నాడు చివరికి. "గట్టిగుంటది."

శ్రీరంగం అందరినీ పేరుపేరునా పలకరించాడు. పిల్లల సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి అడిగాడు. ఆఖరున నన్ను చూశాడు.

"తమ్మీ, నువ్వూ వచ్చినవా! నీకేం పని పడ్డదిక్కడ?"

అడగడంలో దురుద్దేశం ఏమాత్రం లేదు. ఉంటే కొంత ఊరటగా ఉండేది.

అతను కొత్త తాడు కట్టి నీళ్లు తోడుతుంటే బావి దగ్గరికి వెళ్లాను. అభ్యాసం చేసిన వాక్యం గ్రాంథికంగా ఉండటంవల్ల ఆ సమయానికి పనికిరాలేదు.

"అన్నా, ఊరందర్ని అడిగినవ్. నన్నెందుకు అడగలే?"

బకెట్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. అతను నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పాలని చూసి ఉంటే అతనికి అంత సేపు పట్టదు.

"గుర్తు రాలేదు తమ్మీ," అన్నాడు. "ఏమనుకోకు."

బకెట్ పైకి వచ్చింది.

తర్వాత భోజనాలు. భిక్షువు ఒక్కరే ఉంటారక్కడ, నాగపూర్ వైపు నుంచి వచ్చిన వృద్ధుడు. అందరూ భంతే అంటారు. కొట్టడానికి వచ్చినవాళ్లందరికీ ఖిచిడీ వడ్డించారు. పొట్ట నిండాక ఎవరికీ లేచి నిలబడాలనిపించలేదు. అప్పుడు శ్రీరంగం ఆచారం ప్రకారం మైకు అందుకుని ఆనాటి దాతల పేర్లు చదివాడు. పక్క గ్రామం వారు, బియ్యం. ఎవరో లెక్చరర్ గారు, కందిపప్పు. తర్వాత కొండ అవతలి దాకా వినిపించేలా, తెలుగులో:

"భోపాలపట్నం వాస్తవ్యులు, వస్త్ర వ్యాపారులు, శ్రీ సీతారాములు గారు, బావితాడు ఒకటి!"

సీతారాములు కండువా సర్దుకున్నాడు. కాశయ్య మొహం నల్లబడింది.

భంతే మాట్లాడారు. మరాఠీ కలిసిన హిందీ అయినా అందరికీ అర్థమైంది. ఈ మనిషి కాషాయం కావాలంటున్నాడు. ఆషాఢ పౌర్ణమికి నాగపూర్ నుంచి భిక్షువులు వస్తారు, ఆ రోజు ఇవ్వాలి. కాని ఇచ్చేముందు కొన్ని ప్రశ్నలు అడగడం బుద్ధుని కాలం నుంచీ ఉన్న నియమం. నువ్వు మనిషివేనా? ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా? నీకు అప్పులున్నాయా? అప్పున్నవాడికి చీవరం ఇవ్వకూడదు. మీకే కబురు చేద్దామనుకుంటున్నాను, మీరే వచ్చారు. ఠాణాకు రెండుసార్లు రాస్తే తమ పరిధి కాదన్నారు. బాకీ మీది. పట్టుకుంటారో, విడుస్తారో మీరు చెప్పండి.

శ్రీరంగం దగ్గర పట్టుకోవడానికి రెండు జతల తెల్లబట్టలు తప్ప ఏమీ లేవన్నది అందరికీ కనిపిస్తూనే ఉంది. కాని వ్యాపారి తన నోటితో పోయిందని ఎలా అంటాడు?

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. బావితాడు ప్రతిధ్వని సీతారాములు చెవుల్లో ఇంకా ఉన్నట్టుంది. లేచి నిలబడ్డాడు.

"రెండు లచ్చలు. ఇడిచిపెట్టిన. నాకదో లెక్కా?"

కాశయ్య ఒక్క అంగలో వెళ్లి శ్రీరంగం చేతిలోంచి మైకు లాక్కున్నాడు. అది ఆయన జన్మహక్కు.

"శ్రీ సీతారాములు గారు, రెండు లక్షల రూపాయలు!"

ఆ తర్వాత ఆగలేదు. ఎరువుల కొట్టాయన రెండున్నర అన్నాడు. ఆయనకు పోయింది లక్షన్నరేనని సంఘం రికార్డులో ఉంది, బయటికి పంపకముందు అది నేను రాసిందే. ఇప్పపువ్వు వ్యాపారి మూడు అన్నాడు. పెళ్లి పందిరిలో ఎదుటివాడి కంటే తక్కువ చదివించుకోవడం మా వాళ్లలో ఏ ఇంటివాడూ ఎరుగడు. కాశయ్య గొంతు ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క మెట్టు ఎక్కుతోంది. తన సొమ్ము కూడా తనే చదువుకున్నాడు, 'మన కాశయ్య గారు' అంటూ. శ్రీరంగం ప్రతి పేరుకీ లేచి వంగి దండం పెడుతున్నాడు. ప్రతివాడూ ఏదో సంపాదించుకున్న మొహంతో కూర్చుంటున్నాడు.

ఇక అందరూ అయిపోయారు. కాశయ్య మైకు కింద పెట్టబోయాడు.

అప్పుడు నేను లేచాను. విడిచిపెడదామనే ఉద్దేశంతోనే లేచాను. రికార్డులో ఇది స్పష్టంగా ఉండాలి.

"దశరథరామయ్య," అన్నాను. "ఐదు లక్షల నూట పదహార్లు."

డిపాజిట్లకు నూట పదహార్లు ఉండవు, చదివింపులకే ఉంటాయి. ఈ తేడా అక్కడున్న ప్రతి వ్యాపారికీ తెలుసు. కాశయ్య మాత్రం ఆ అంకె వినగానే మైకు పైకెత్తి, నా పేరును పూర్తిగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా చదివాడు. అది కొండకు తగిలి వెనక్కి వచ్చింది. నేను విన్నాను.

భంతే శ్రీరంగం వైపు తిరిగారు. నిజమేనా?

శ్రీరంగం నావైపు చూశాడు. బావి దగ్గర చూసినట్టే, ఆలోచిస్తూ.

"ఔ," అన్నాడు. "మరిచిన. తమ్మికి బాకీ ఉన్న."

భంతే నన్నడిగారు, విడుస్తావా అని. అందరూ నావైపే చూస్తున్నారు. ఈ దృశ్యం నాకు కొత్త. కొంతసేపు చూశాను.

"ఈ అంశం పరిశీలించవలసి ఉంది," అన్నాను.

జూన్ 10

తిరుగు ప్రయాణంలో నన్ను డ్రైవర్ పక్క సీట్లో కూర్చోబెట్టారు.

"ఐదు లచ్చలు పోగొట్టుకుని కూడ కిక్కురుమనకుంట ఉన్నవ్ సారూ, గుండె రాయి చేసుకున్నవ్," అన్నాడు కాశయ్య. డీజిలు డబ్బులు వాపసు ఇచ్చారు.

తాడు విహారంలోనే ఉండిపోయింది.

జూన్ 14

సంఘం సమావేశం. మిగతా అందరూ బాకీ విడిచిపెట్టినందువల్ల మూడో నిబంధన ప్రకారం ప్రస్తుతం నేనొక్కణ్ణే అర్హుణ్ణి. ఏకగ్రీవంగా నన్ను నేనే అధ్యక్షుడిగా ఎన్నుకున్నాను.

అన్నపూర్ణకు కబురు అందింది.

"ఐదు లచ్చలా?"

"నూట పదహార్లు," అన్నాను.

"ఆ నూట పదహార్లయినా ఇంట్ల ఎప్పుడున్నయండీ?"

టీ గ్లాసు పెట్టి వెళ్లిపోయింది. ఎవరితోనూ అనలేదు. అందుకు కృతజ్ఞతలు తెలిపే పద్ధతి ఏదీ మా మధ్య అమల్లో లేదు.

జూన్ 16

అన్నపూర్ణ అక్క, శ్రీరంగం భార్య వరమ్మ వదిన వచ్చింది. శ్రీరంగం పరారైన రోజు నుంచి ఆమె మా గడప తొక్కలేదు. నిలబడే మాట్లాడింది.

"మరిదీ, అందరు గొప్పలకు పోయి ఇడిచిపెట్టిర్రు. ఆళ్లకు పోయేదేముంది? మొగడు నాకు పోతడు. నువ్వొక్కనివే పట్టుకున్నవ్. ఇడవకు."

వస్తే పోలీసులు పట్టుకుంటారు కదా వదినా అన్నాను.

"పట్టుకోనియ్యి. జైల్ల ఉంటె ములాఖత్ ఉంటది. అన్నం కట్కపోత. సామి అయితె ఏం కట్కపోను? ఆయనకు నేనెవరిని? నీకు దండం పెడత, నువ్వు గట్టిగుండు."

నా బాకీ లేనిదని ఆమెకు చెప్పవచ్చు. చెబితే ఆషాఢ పౌర్ణమికి ఆమెకు మొగుడుండడు. చెప్పలేదు. నేను ధర్మానికి కట్టుబడి పట్టుకున్నానని ఆమె అనుకుంటోంది. దాన్నీ ఖండించలేదు.

ఆమె వెళ్లాక, నేను జైలుకు వెళితే అన్నం తెస్తావా అని అన్నపూర్ణను అడిగాను.

"మీరు జైలుకు పోయేటంత పని ఏం చేస్తరండీ?" అంది.

జూన్ 17

దొంగకు కూడా అన్నం కట్టుకుపోయేవాళ్లు ఉన్నారు.

జూలై 2

అత్తగారు రామసుబ్బమ్మ గారు భోజనానికి పిలిచారు. పీట నాకు తూర్పు వైపు వేశారు. అది ఇంతకాలం శ్రీరంగం కూర్చునే వైపు. నెయ్యి మొదట నాకే వడ్డించారు. ఉలవచారు కూడా.

"కూతురి కాపురం నిలబెట్టినవ్ నాయినా," అన్నారు.

రెండో ముద్ద దగ్గర ఆమె గరిట పట్టుకుని ఆగిపోయారు.

"పెద్దల్లునికి ఉలవచారంటే పానం. ఆడ ఏం పెడుతుండ్రో ఏమో."

చారు బాగానే ఉంది. నేను మళ్లీ వడ్డించుకోలేదు.

జూలై 17

నిన్న ఆషాఢ పౌర్ణమి. నాగపూర్ భిక్షువులు వచ్చారు, ప్రశ్న అడిగారు. 'అప్పుంది' అన్నాడట శ్రీరంగం. తీర్చుకుని రమ్మని భంతే పంపించేశారు.

ఇవాళ పొద్దున బస్సు దిగి, తెల్లబట్టల్లోనే, తిన్నగా ఠాణాకు నడిచి వెళ్లి తనే పేరు చెప్పుకున్నాడు. ఫైలు వెతకడానికి వాళ్లకు టైము పట్టిందట. అంతసేపూ వాళ్లకు పంచశీల చెప్పాడట. టీ తెప్పించారట.

జూలై 25
బీజాపూర్

బెయిలు దొరికింది. కంపెనీ పెద్దలు దొరికేదాకా విచారణ సాగదు. జమానతు పూచీకి భూమి ఉన్నవాడి రిణ్ పుస్తిక, అంటే భూమి పాసుబుక్కు, కావాలన్నారు. వదిన నావైపు చూసింది. నా మూడెకరాల పాసుబుక్కు ఇచ్చి సంతకం చేశాను.

అతను మళ్లీ పరారైతే నా భూమి పోతుంది. అంటే అతని వల్ల నష్టపోగలిగే స్థితికి నేను ఇన్నాళ్లకు చేరుకున్నాను. ఈసారి కూడా అతను అడగలేదు, నేనే ఇచ్చాను.

కోర్టు మెట్ల మీద అడిగాను.

"అన్నా, అబద్ధమాడరాదని శీలం పట్టినవ్ గదా. ఆ రోజు నాకు బాకీ ఉన్నవని ఎందుకన్నవ్?"

"అబద్ధమా?" అన్నాడు. "ఏమో తమ్మీ. అందరికి బాకీ ఉండి, సొంత తమ్మికి ఒక్కనికే లేనంటే నాకే నమ్మబుద్ధి కాలె."

జూలై 28

బాకీ పనిచేసి తీరుస్తానంటూ పొద్దున్నే నా కొట్టుకు వచ్చి చీపురు అందుకున్నాడు. వద్దనడానికి బాకీ లేదని చెప్పాలి. చెప్పలేదు.

ఆగస్టు 4

కొట్టులో రద్దీ పెరిగింది. ఇది నిర్వివాదాంశం. సంతకు వచ్చిన దొర్ల గిరిజన ఆడవాళ్లతో అతను వాళ్ల భాషలోనే బేరమాడతాడు. నేను ఇరవై ఏళ్లుగా హిందీలో ఆడుతున్నాను. 'గుండు సేటు ఉన్నడా?' అని తొంగి చూసి, లేడంటే ఉప్పు కూడా కొనకుండా వెళ్లిపోతున్నారు. అత్తగారు మధ్యాహ్నం ఇద్దరికీ కలిపి క్యారియరు పంపుతున్నారు. ఉలవచారు గిన్నె పైన ఉంటుంది, అతని చేతికి అందేలా. వదిన కొట్టు ముందు నుంచి రోజూ ఒకసారి, ఏ పనీ లేకుండా, నడిచి వెళుతుంది. నన్ను చూసి తల వంచుతుంది, అతన్ని చూసి నవ్వుతుంది.

నేను ఒక్క మాట అంటే చాలు. విడిచిపెట్టానంటే కార్తీకంలో చీవరం తీసుకుంటాడు. కొట్టు నాది నాకు మిగులుతుంది, తూర్పు వైపు పీట కూడా. అప్పుడు వదిన ఎవరికి అన్నం కట్టుకుపోతుంది? పైగా అతను ఊరంతా దండం పెట్టే సాధువు అవుతాడు. ఆ సాధువుకు కూడా నేను తోడల్లుణ్ణే అవుతాను.

ఇవాళ సాయంత్రం కోయగూడెం నుంచి మిర్చి బస్తాతో వచ్చిన సోమక్క, అతను సొమ్ము తిరిగిచ్చినవాళ్లలో ఒకతె, నన్ను చూపిస్తూ అతన్ని అడిగింది.

"ఈయన ఎవరే సేటూ? నీ మీద గింత పెత్తనం చేస్తుండు?"

"గట్లనకు సోమక్కా," అన్నాడు శ్రీరంగం, తక్కెడ దించి, చేతులు కట్టుకుని. "మా తమ్ముడు దశరథరామయ్య గారు. కొలువు జేసేంత సదువు సదివిండు. అందరికంటె ముందు నన్ను నమ్మినోడు. కూడబెట్టిందంత, ఐదు లచ్చల నూట పదహార్లు, కాయితం లేదు, సాచ్చి లేదు, నా చేతుల పెట్టిండు. నేను ముంచిన. అయినా ఒక్క మాటనలే. నా జమానతు గూడ ఆయనే ఉన్నడు."

సోమక్క కళ్లు తుడుచుకుంది. కొట్టులో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగి చూశారు. ఒక ముసలాయన నాకు దండం పెట్టాడు. ఆ సొమ్ము నేను ఇచ్చిన రోజు ఎలా ఉండిందో ఒక్క క్షణం నాకు గుర్తుకొచ్చినట్టే అనిపించింది.

నా అబద్ధాన్ని కూడా అతనే నాకంటే బాగా చెబుతున్నాడు.